యుద్ధచిత్రములలో ఇల్లు: గోనవారి సీమనుండి ఒక పరిశీలనము

యుద్ధవర్ణనము తెలుగు వాఙ్మయమునకు క్రొత్త గాదు. తిక్కన సోమయాజి పదునెనిమిది దినముల సంగ్రామమును విపులముగా నడపి, అది ముగిసిన పిమ్మట స్త్రీపర్వమున, తమవారి కళేబరములను వెదకికొనుచు రణభూమికి వచ్చిన స్త్రీల దుఃఖమునకు సముచితస్థానమిచ్చెను. ఆ పర్వము లేనిచో భారతయుద్ధము గెలుపోటముల వృత్తాంతమై మిగులును. దానివలననే ఆ గెలుపునకు వెల యెంతయో పాఠకునకు తెలియుచున్నది. పల్నాటి వీరచరిత్రమునను బాలచంద్రుని శౌర్యము ప్రక్కనే మాంచాల నిలిచియున్నది. రణమును, ఇంటిని ఒకే కథగా చూచు ఈ సంప్రదాయము చలనచిత్రములలో ఎంతవఱకు నిలిచినది? ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

ఇందులకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలను మేము ఆధారభూమిగా గైకొంటిమి. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి విడివడి ప్రత్యేక జిల్లాలైన ఈ మూడు సీమలు కృష్ణా తుంగభద్రల తీరములను, నల్లమల యంచును ఆశ్రయించినవి. రెండు నదుల నడుమ నున్న గద్వాల ప్రాంతమును జనులు నడిగడ్డ యందురు. ఒకవైపు రాయచూరు, మఱియొకవైపు కర్నూలు ఉండుటచే ఈ నేల తరతరములుగా సైన్యముల దారియైనది. ఇట్టి సరిహద్దు నేలలో యుద్ధము దూరపు వార్త గాదు. పంటకు, పశువునకు, పడుచువానికి సంబంధించిన ఇంటి మాట. పైగా ఈ సీమకు చెందిన యోధు డొకడు ఇటీవలి తెలుగు చిత్రమున ప్రధానపాత్రగా వెలసియున్నాడు. కావున పరిశీలనమును ఇచ్చటనుండి ప్రారంభించుట ఉచితమని తలచితిమి.

ఆ యోధుడు గోన గన్నారెడ్డి. కాకతీయుల సామంతులైన గోనవారు వర్ధమానపురము రాజధానిగా ఈ ప్రాంతము నేలిరి. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నంది వడ్డెమానే నాటి వర్ధమానపురము. ఈ వంశమువారి కీర్తి ఖడ్గమునకే పరిమితము గాదు. పండితులు పలువురు గోన బుద్ధారెడ్డి కృతిగా అంగీకరించిన రంగనాథ రామాయణము తెలుగు ద్విపదకు తలమానికము. యుద్ధమును స్వయముగా నెఱిగిన సామంతకుటుంబమునుండి వెలువడిన కావ్య మగుటచే, అందలి యుద్ధకాండమును ఈ చర్చలో మేము ప్రత్యేకముగా గమనించుచున్నాము.

ఆ కాండమున వాల్మీకమున కానరాని సులోచనా వృత్తాంతము గలదు. ఇంద్రజిత్తు నిహతుడైన పిమ్మట కవి జయజయధ్వానములతో ముందుకు సాగలేదు. మృతుని భార్యయైన సులోచన శోకమును, ఆమె సహగమనమును వర్ణించుటకు కథను నిలిపినాడు. సహగమనమును నేటి వివేకము మెచ్చదు. మెచ్చవలసిన పనియును లేదు. ఇచ్చట మేము గుర్తింపవలెననునది కవిదృష్టి. చనిపోయినవాడు శత్రువు, ఏడ్చునది శత్రువు ఇల్లు. లంకలోని ఒక గడపలోపల యుద్ధ మేమి చేసినదో చెప్పనిదే రాముని విజయకథ సంపూర్ణము గాదని ఆ కవి తలచెను. విరోధి గృహమునకు కూడ దుఃఖించు హక్కు నిచ్చిన ఈ ఔదార్యమును యుద్ధకథలకు ఒక కొలమానముగా మేము స్వీకరించుచున్నాము.

రెండవ కొలమానము శిలపై నున్నది. 1294లో రాయచూరు కోటను రాతితో కట్టించిన వృత్తాంతము అచ్చటి గొప్ప శాసనమున చెక్కబడియున్నది. గోన గన్నారెడ్డి క్రింద సేనానియైన విఠలుడు ఆ నిర్మాణమును జరిపించెను. శాసనమును వహించిన శిల సుమారు 41 అడుగుల పొడవు గలది. అంతకంటె విశేష మేమనగా, ఆ పెద్ద రాతిని గనినుండి కోటకు తెచ్చిన విధమును కోటగోడ రాతిపైననే గీతలలో చూపినారు. గట్టి చక్రముల బండి, దానిని లాగు దున్నల వరుసలు, చక్రము వెనుకకు జాఱకుండ చూచు మనుష్యులు అందు కానవచ్చుచున్నారు. అక్షరములు ప్రభువును సేనానిని స్తుతించుచుండగా, పేరు చెప్పుకొనని శిల్పి దున్నలను, కూలివారిని అదే గోడపైకి ఎక్కించెను. కోట యుద్ధమునకై కట్టినది. దానిని కట్టినది ఊళ్లలోని పశువులు, చేతులు. యుద్ధపు ముందువెనుకలలో సామాన్యజనము పడిన శ్రమకు ఇంతకంటె స్పష్టమైన చిత్రము అరుదు.

ఇక చిత్రమునకు వత్తము. గుణశేఖర్ దర్శకత్వమున 2015 అక్టోబరు 9న విడుదలయైన ‘రుద్రమదేవి’లో అనుష్క నాయిక, గోన గన్నారెడ్డి పాత్రను అల్లు అర్జున్ ధరించెను. పైకి గజదొంగవలె తిరుగుచు లోలోపల కాకతీయ సింహాసనమునకు మేలుగోరు వీరునిగా గన్నారెడ్డిని తీర్చిన పద్ధతి అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ని చదివినవారికి పరిచితమే. చిత్రమున ఆ పాత్రకు తెలంగాణ పలుకుబడి నిచ్చిరి. వర్ధమానపురపు యోధుడు తన నేలభాషకు దగ్గఱగా మాటలాడుట ఈ సీమవారికి సంతోషము కలిగించిన విషయము. పాఠ్యపుస్తకముల మూల నున్న పేరును ఊరూర పిల్లలు పలుకునట్లు చేసిన ఘనత ఆ చిత్రమునకు దక్కవలెను.

రుద్రమ కథలో ఇల్లు లేకపోలేదు. ఆడుబిడ్డను మగబిడ్డగా పెంచవలసివచ్చిన అంతఃపురమే ఆ చిత్రమున మొదటి రణరంగము. రాజ్యమును కాపాడుటకు ఒక బాలిక తన్ను తాను దాచుకొనవలసి వచ్చుట యుద్ధము ఇంటిలోనికి ప్రవేశించు తీరులలో ఒకటి. చిత్రమున మాకు మిక్కిలి బలముగా తోచిన భాగ మిదియే. కాని సైన్యములు మోహరించినప్పటినుండి దృష్టి వ్యూహములపైకి, ఆయుధములపైకి, నాయకుల సంభాషణములపైకి మరలును. ప్రజలు చాలవఱకు రక్షింపబడుటకో, కీర్తించుటకో తెరపైకి వత్తురు. సేనకు గింజలు పంపిన కాపు, కొలిమి నడపిన కమ్మరి, తిరిగిరాని బంటు ఇల్లు కథలో లోతుగా నిలువలేదు. గన్నారెడ్డి కాలపు శిల్పి దున్నలబండిని మఱువలేదు. గన్నారెడ్డిని గుఱించిన చిత్రము ఆ బండిని మఱచినది. దేవగిరివారి ఇండ్లలో సులోచన లెందఱుండిరో యను ఊహయును అందు చోటుచేసికొనలేదు.

చారిత్రక చిత్రము వినోదార్థమైనది గదా, శాసనము నడుగుట న్యాయమా యని కొంద ఱనవచ్చును. కాలక్రమమున స్వేచ్ఛ తీసికొనుటను మేము తప్పుపట్టుట లేదు. చందుపట్ల శాసనము వలన రుద్రమ మరణము 1289లో నని తెలియుచున్నది. రాయచూరు శాసనము అటుపిమ్మట ప్రతాపరుద్రుని కాలమునకు చెందినది. కవులును, చిత్రనిర్మాతలును సంవత్సరములను ముందువెనుకలు చేయుదురు. మేము కోరునది తేదీల యథార్థము కాదు, జీవితపు యథార్థము. దానిని జానపదులు సైతము తమ కథలలో విడువలేదు.

గద్వాల సంస్థానమునకు పునాది వేసి కోట కట్టించిన సోమనాద్రిని గుఱించిన వీరగాథ ఈ ప్రాంతమున ప్రసిద్ధము. వనపర్తి రామేశ్వరరావు కథయు అట్టిదే. బిరుదురాజు రామరాజు 1958లో ప్రకటించిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’, నాయని కృష్ణకుమారి పరిశోధనమైన ‘తెలుగు జానపద గేయగాథలు’ ఇట్టి రచనలను విశ్వవిద్యాలయపు చదువులోనికి తెచ్చినవి. సోమనాద్రి కర్నూలు నవాబుతో పోరిన సందర్భమున జనులు చెప్పుకొను ఒక వృత్తాంతము గలదు. రాజు గుఱ్ఱము శత్రువుల పాలైనది. దానిని తెచ్చుటకు ఒక సేవకుడు శత్రువుల అశ్వశాల చేరి గడ్డిలో దాగెను. గుఱ్ఱమును కట్టుటకు పాతిన మేకు అతని చేతిలోనుండి దిగినను అతడు నోరు మెదపలేదు. చివరకు చేతిని కోసికొని గుఱ్ఱమును తన ప్రభువునకు చేర్చెను.

ఇది జరిగినదో లేదో నిర్ణయించుట చరిత్రకారుని పని. సాహిత్యవిద్యార్థి గమనింపవలసినది వేఱు. రాజు వీరకథలో అత్యంత తీవ్రమైన బాధ రాజుది గాదు, సేవకునిది. అంకురాజు నేడు ఈ కథను చిత్రముగా తీసినచో ఏమగునని ఊహింతము. గుఱ్ఱము దుముకుట, కోట ద్వారములు విఱుగుట ఘనముగా రావచ్చును. చేయి లేని ఆ మనిషి ఇంటికి వచ్చినప్పుడు అతని భార్య ఏమి చూచెను, అతడు మఱల నాగలి పట్టుట యెట్లు అను ప్రశ్నలకు చోటుండునా? ఆ చోటుండినపుడే అది ఈ సీమ యుద్ధచిత్ర మగును.

వనపర్తినుండి మఱియొక నిదర్శనము చూపుదుము. 19వ శతాబ్దమున ఆ సంస్థానాధిపతులు ఆఫ్రికాజాతి యోధులతో ఒక ఆశ్వికదళమును పోషించిరి. అది పిమ్మట నైజాము కొలువునకు చేరినది. హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు చెంత ఏ.సీ. గార్డ్స్ అను పేట కలదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అను దళనామమే ఆ పేటకు పేరైనది. దళము పోయినది, గుఱ్ఱములు పోయినవి. సిద్దీ కుటుంబములు, వారి మర్ఫా వాద్యము, పేట పేరు మిగిలినవి. సైన్యపు చరిత్ర తుదకు ఇండ్ల చరిత్రగా మాఱుటకు ఇది చక్కని ఉదాహరణము.

ఈ దృష్టికి శాస్త్రరూప మిచ్చినవాడును ఈ సీమవాడే. నడిగడ్డకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను స్థాపించెను. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యెను. 1949లో వెలువడిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1955లో తెలుగునకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును తెచ్చినది. రాజుల జైత్రయాత్రలకంటె జనుల తిండి, బట్ట, ఆట, వృత్తి, నమ్మకము ముఖ్యమని ఆ గ్రంథము నిరూపించినది. యుద్ధము జరిగిన యేడు ఊరివారు ఏమి తినిరి అని అడుగుట ప్రతాపరెడ్డి మార్గము. చలనచిత్రవిమర్శకు సైతము ఆ ప్రశ్న పనికివచ్చును.

ఈ కొలమానములతో ఇతర తెలుగు చిత్రములను చూతము. గూడవల్లి రామబ్రహ్మము ప్రారంభింపగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధము’ 1947లో వచ్చినది. అదే కథ 1966లో గుత్తా రామినీడు దర్శకత్వమున మఱల వెలువడెను. మాంచాల భర్తను రణమునకు సాగనంపు ఘట్టమునకు కావ్యమునను, నాటకమునను, తెరపైనను గొప్ప ఆదర ముండుట సహజము. ఐతే ఈ సాగనంపు ఘట్టము క్రమముగా తెలుగు చిత్రములకు ఒక అచ్చుగా మాఱినది. హారతి, తిలకము, కంట నీరు దాచుకొను స్త్రీ, గుఱ్ఱమెక్కు వీరుడు. గడప దాటిన వీరునితోపాటు కెమెరాయును దాటిపోవును. ఆ గడప వెనుక మఱునాటి ఉదయము ఎట్లు తెల్లవాఱినదో చూపుటకు అది తిరిగి రాదు.

1964లో సి. సీతారాం తీసిన ‘బొబ్బిలి యుద్ధం’ ఈ అచ్చునకు లొంగని కథ. 1757 జనవరి 24వ తేదీన బుస్సీ సైన్యము, విజయనగర ప్రభువు బలము బొబ్బిలికోటను ముట్టడించినప్పుడు రణమునకు, ఇంటికి నడుమ దూరమే లేకపోయినది. కోటలోని స్త్రీలు, పిల్లలు తమవారి చేతులలోనే మరణించిరి. అందువలన ఆ చిత్రమున భానుమతి ధరించిన మల్లమ్మ పాత్ర నిరీక్షించు ఇల్లాలుగా మిగులక, ముట్టడిలో ఒక పక్షమై నిలిచినది. ఇంటి మర్యాద, పంతము, ప్రేమ యుద్ధమునకు కారణములును, బలులును ఐనవి.

గౌతమ్ ఘోష్ 1979లో తీసిన ‘మా భూమి’ మార్గము వేఱు. కృషన్‌చందర్ ఉర్దూ నవల ఆధారముగా నిర్మింపబడిన ఈ చిత్రమున తెలంగాణ సాయుధపోరాటము ఒక ఇంటి అవమానమునుండి మొలచును. రామయ్య తుపాకి పట్టుటకు పూర్వము వెట్టిని, దొర దౌష్ట్యమును, తాను ప్రేమించిన స్త్రీకి కలిగిన దుస్థితిని చూచినాడు. పోరాటమునకు ప్రధాన కేంద్రములు నల్లగొండ, వరంగల్లు జిల్లాలైనను, ఆ జీవితము పాలమూరు పల్లెలకు పరాయిది గాదు. 1948 సెప్టెంబరునందలి పోలీసుచర్య తఱువాత పాఱిపోయిన దొరలు తిరిగివచ్చుటను చూపి, యుద్ధము ముగిసినదను ప్రకటన పేదవాని గుడిసెకు వర్తింపలేదని ఆ చిత్రము చెప్పినది.

క్రిష్ దర్శకత్వమున 2015లోనే వెలువడిన ‘కంచె’ రెండవ ప్రపంచయుద్ధమున ఇటలీలో పోరాడు తెలుగు సైనికుల కథ. 1944 నాటి రణరంగమును, ఊరిని కులముపేర చీల్చిన కంచెను అది ప్రక్కప్రక్కన నిలిపినది. ఇంటిని శాంతికి నిలయముగా ఎంచి రణమును మాత్రమే క్రౌర్యముగా చూపు వాడుకను ఈ చిత్రము త్రోసిపుచ్చినది. హరిబాబు ప్రేమించిన సీత మరణించినది శత్రుసైన్యమువలన గాదు, సొంత ఊరి పగవలన. ఆ దుఃఖ మెఱిగినవాడు గనుకనే పరదేశమున ఎవరో అమాయకుల ప్రాణములకై తన ప్రాణ మొడ్డెను. పరులయింటిని తన యింటివలె చూచు ఈ గుణమున ‘కంచె’ రంగనాథ రామాయణపు ఔదార్యమునకు దగ్గఱగా వచ్చినదని మా యభిప్రాయము.

2017 నాటి ‘ఘాజీ’ 1971 డిసెంబరులో విశాఖతీరమున మునిగిన పాకిస్తాను జలాంతర్గామిని ఆధారము చేసికొన్నది. కథ దాదాపు అంతయు సముద్రగర్భమున నడచును. ఇరుకు, ఉక్క, ఊపిరి బరువు నేర్పుతో చూపబడినవి. ఐనను ఆ నావికులు కాపాడుచున్న పట్టణము కానరాదు. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడిన విశాఖకు, ఆకాశమును చూచి భయపడుట 1971నాటికే పాత అనుభవము. ఆ జ్ఞాపకము ఒక్క యింటిద్వారా వినిపించినను కథకు లోతు పెరిగెడిది. తూర్పు బంగాళమునుండి వచ్చిన శరణార్థి స్త్రీ మాత్రమే అందు ఇల్లు కోల్పోయినవారికి ప్రతినిధి. హను రాఘవపూడి 2022 నాటి ‘సీతారామం’ ఇందుకు భిన్నము. ఎవరును లేని సైనికునకు రేడియో వినినవారు ఉత్తరములు వ్రాసి బంధువు లగుదురు. ఇచ్చట ఇల్లు కాగితముపై కట్టబడినది. 1965నాటి కథలో పంపిన ఉత్తర మొకటి ఇరువదియేండ్ల పిమ్మట చేరుట, యుద్ధపు ఖర్చు ఆనాటితో తీఱదని తెలుపుచున్నది.

ఇంటిని నడుమ నిలిపినచో చిత్రము చప్పబడునను భయము నిర్మాతలకు గలదు. ఆ భయము నిరాధారమని ‘సీతారామం’ పొందిన ఆదరణమే చెప్పుచున్నది. పరదేశముల సాక్ష్యమును అదియే. గ్రిగొరి చుఖ్రాయ్ 1959లో తీసిన రష్యా చిత్రము ‘సైనికుని గాథ’లో ఒక యువకుడు తల్లి యింటికప్పు బాగుచేయుటకు సెలవు కోరును, దారి పొడవున పరుల కష్టములకు నిలిచి నిలిచి, తుదకు తల్లిని కొన్ని నిమిషములు మాత్రము చూడగలుగును. కప్పు బాగుపడలేదు, ఐనను ప్రేక్షకుడు యుద్ధమును పూర్తిగా చూచినట్లు భావించును. సత్యజిత్ రాయ్ 1973లో తీసిన ‘అశని సంకేత్’ అంతకంటె మౌనమైనది. 1943 నాటి బంగాళపు కఱవును చూపు ఆ చిత్రమున రణభూమి లేదు. ఆకాశమున విమానములు పోవును. క్రింద గ్రామమున బియ్యము మాయమగును. వంటయింటి కుండ ద్వారా ప్రపంచయుద్ధమును చెప్పుట సాధ్యమని రాయ్ నిరూపించెను.

ఈ వెలుగున మన సీమను చూచినచో చిత్రమునకు వలయు వస్తువు ఎంత గలదో తెలియును. రెండవ ప్రపంచయుద్ధకాలమున నైజాము ప్రభుత్వము రైతులనుండి లెవీ ధాన్యము వసూలు చేసెను. పటేలు పట్వారీలు కల్లమునకు వచ్చి గింజలు కొలుచుకొనిపోయిన ఏటను ఇల్లాలు గంజి ఎట్లు పంచెనో అది యుద్ధకథయే. నడిగడ్డ రైతు ఐరోపాను చూచియుండడు. ఐరోపా అతని గాదెను చూచినది. ఇట్టి కథకు వేల సైనికులు అక్కఱలేదు. ఒక కల్లము, ఒక కొలపాత్ర, ఒక పొయ్యి చాలును.

ఇచ్చట విశ్వవిద్యాలయమునకు ఒక బాధ్యత గలదు. నేడు ఈ జిల్లాల యువకు డొకడు గన్నారెడ్డిని మొదట తెరపైననే కలిసికొనుచున్నాడు. గద్వాల కోటలోపల కళాశాల, వనపర్తి ప్రాసాదమున పాలిటెక్నిక్ వెలసినవి. కోటలు చదువులకు నెలవైనవి. ఆ చదువులలో సోమనాద్రి కథయొక్క పాఠాంతరములు, స్త్రీల పాటలు, లెవీనాటి వృద్ధుల మాటలు చేరకపోయినచో, 2009 నాటి ‘అరుంధతి’ గద్వాల పేరును ఒక ప్రేతకథకు వాడుకొన్నట్లే, రేపటి చిత్రములును ఈ ఊళ్ల పేళ్లను మాత్రమే గైకొని, ఊళ్లను విడిచిపెట్టును. పాటకులు సన్నగిల్లుచున్న కాలమున సేకరణము ఆలసించుట తగదు. పరిశోధకుడు పోగుచేయని జీవితమును చిత్రకారుడు తెరపై చూపలేదని నిందించుట సగము న్యాయమే యగును.

ఇంతవఱకు మేము చూచిన చిత్రములలో రణరంగపు ఆడంబరము కాలముతో పాతబడినది. ‘బొబ్బిలి యుద్ధము’ నందలి కోటలోపలి స్త్రీలు, ‘మా భూమి’ గుడిసె, ‘కంచె’ కిరువైపుల నున్న ఊరు, ‘సీతారామం’ ఉత్తరములు పాతబడలేదు. కావున ఉత్తమ యుద్ధచిత్రము ఇంటిని అలంకారముగా గాక, యుద్ధమును కొలుచు పాత్రగా గ్రహించుననుట మా సిద్ధాంతము. వర్ధమానపురపు కవి సులోచనను, రాయచూరి శిల్పి దున్నలబండిని, గద్వాల గాథకుడు చేయి తెగిన సేవకుని మనకు అప్పగించి పోయిరి. ఈ మూటిని చేతబట్టుకొని తెలుగు చిత్రకథకులు మఱల ఈ సీమకు రావలెనని మా యాకాంక్ష.